పాట మాటను తిరిగి తెస్తుందా?

1861లో పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి చనిపోయాడు. 21 ఏళ్ళు అక్కడే గడిపిన ఆ మనిషి నోట పలికే అక్షరం ఒక్కటే: ‘టాన్’. ఆసుపత్రిలో అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు అతని మెదడును పరిశీలించి, ఎడమ సగంలో ముందుభాగాన దెబ్బతిన్న చోటును చూపించాడు. మెదడులో మాటకంటూ ఒక స్థానం ఉందనడానికి దొరికిన తొలి గట్టి సాక్ష్యం అది. పాఠ్యపుస్తకాలు ఈ కథను సాధారణంగా అక్కడితో ఆపేస్తాయి. బ్రోకా రాసిపెట్టిన మరో రెండు సంగతులు నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తాయి. లెబోర్న్ ఆ ఒక్క అక్షరాన్నే రకరకాల స్వరాల్లో పలికి, చేతి సైగలు జోడించి, తనకు కావలసింది చాలావరకు తెలియజేసేవాడు. ఎదుటివారికి అర్థం కాక అతనికి కోపం వచ్చినప్పుడు మాత్రం ఒక తిట్టు నోటి నుంచి పూర్తిగా, స్పష్టంగా వెలువడేది. మాట పోయిన మనిషిలో స్వరం మిగిలింది, భావం మిగిలింది, ఎదుటివారికి తెలియజెప్పాలన్న పట్టుదల మిగిలింది. పక్షవాతం (స్ట్రోక్) తర్వాత మాట కోల్పోయినవారికి కళలు ఏం చేయగలవన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఈ మిగిలిన వాటిలోనే.

మన ఇళ్ళల్లో ‘మాట పడిపోయింది’ అనే ఈ స్థితిని వైద్యులు అఫేజియా అంటారు. మెదడుకు రక్తం అందక గానీ, రక్తనాళం చిట్లి గానీ భాషను నడిపే భాగాలు దెబ్బతిన్నప్పుడు ఇది వస్తుంది. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందిలో ఇది ఎంతో కొంత కనిపిస్తుంది. ఇది నాలుకకు వచ్చిన జబ్బు కాదు, మతి పోవడమూ కాదు. మనవరాలి పేరు నోటికి రాని తాతకు ఆ పిల్ల ఏ తరగతి చదువుతోందో, నిన్న ఎందుకు అలిగిందో అంతా తెలుసు. కొందరికి అర్థం చేసుకోవడం బాగానే ఉండి, పలకడం కష్టమవుతుంది. మరికొందరు గడగడా మాట్లాడతారు గానీ ఆ మాటల్లో అర్థం కుదరదు, ఎదుటివారు చెప్పేదీ సరిగా ఎక్కదు. ఈ రెండో రకాన్ని 1874లో కార్ల్ వెర్నికె అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. చదవడం, రాయడం కూడా భాషే కాబట్టి అవీ దెబ్బతింటాయి. అందుకే ‘నోటితో చెప్పలేకపోతే రాసి చూపించు’ అని పలకో కాగితమో చేతికివ్వడం చాలామందికి పనికిరాదు. పైగా దెబ్బ మెదడు ఎడమ వైపున తగిలితే చచ్చుబడేది కుడి చెయ్యి. మాట, రాత, పనిచేసే చెయ్యి మూడూ ఒకేసారి పోయిన మనిషి ఇంట్లో అందరి మధ్యా ఉంటూనే ఒంటరి అవుతాడు.

ఇంత నష్టంలోనూ పాట మిగలవచ్చన్న సంగతి చాలా పాతది. 1745లో ఓలోఫ్ డాలిన్ అనే స్వీడన్ రచయిత ఒక రోగి గురించి రాశాడు. కుడిపక్క పడిపోయి, మాట పూర్తిగా పోయిన ఆ మనిషి, జబ్బుకు ముందు నేర్చుకున్న భక్తిగీతాలను మాత్రం పాడగలిగేవాడు. తర్వాతి శతాబ్దంలో హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఆంగ్ల వైద్యుడు దీనికొక వివరణ ఇచ్చాడు. అప్పటికప్పుడు ఆలోచించి కూర్చే వాక్యం వేరు, నోటికి అలవాటై తనంత తానుగా వెలువడే పలుకు వేరు. తిట్లు, ప్రార్థనలు, అంకెల వరస, నోటికొచ్చిన పాటలు రెండో జాతికి చెందినవి. తెలుగు పెద్దల్లో ఈ రెండో నిల్వ చాలా పెద్దది. చిన్నప్పుడు వల్లెవేసిన శతక పద్యాలు, ఎక్కాలు, తిథి వార నక్షత్రాలు, సంధ్యావందనాలు, నమాజులు, చర్చి కీర్తనలు, నాట్లేసేటప్పటి పాటలు, వందలసార్లు విన్న సినిమా పాటలు అందులో ఉంటాయి. ‘మంచినీళ్ళు’ అనలేని మనిషి అకస్మాత్తుగా ఒక చరణం పాడేసరికి ఇల్లంతా ఆనందంతో పొంగిపోతుంది. వారం గడిచాక అదే ఆనందం అపోహగా మారుతుంది. ‘పాట వస్తోందంటే మాటా వస్తుంది, ఈయనే గట్టిగా ప్రయత్నించడం లేదు’ అనుకుంటారు. ఈ నింద అన్యాయమైనది. పాటలోని మాటలు వెలువడటం, మనసులోని మాటను పలకడం మెదడుకు రెండు వేరువేరు పనులు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది కూడా ఈ తేడా మీదే నిలబడుతుంది. కళలు అఫేజియా ఉన్నవారికి నిజంగా మేలు చేస్తాయి. అయితే ఆ మేలు అందరూ ఊహించే దారిలో రాదు. దెబ్బతిన్న ఎడమ మెదడు చేయలేని పనిని సంగీతం కుడి మెదడు చేత చేయించి, పోయిన మాటలను తిరిగి తెస్తుందన్న కథ వినడానికి అందంగా ఉంటుంది, పత్రికలకు నచ్చుతుంది. సాక్ష్యం మాత్రం దాన్ని కొంతవరకే సమర్థిస్తుంది. నాకు కనిపిస్తున్న బలమైన కారణం వేరు. భాష తిరిగి రావాలంటే దాన్ని వాడాలి. వాడాలంటే ఏదో చెప్పాలన్న కోరిక, వినే మనిషి, తప్పినా సిగ్గుపడనక్కర్లేని చోటు ఉండాలి. అఫేజియా మొదట దెబ్బతీసేది వీటినే. కళ వీటిని తిరిగి సమకూర్చగలదు.

ముందు ఆ అందమైన కథనే పరీక్షించి చూద్దాం. 1973లో అమెరికాలోని బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు నిపుణులు ఒక చికిత్సను ప్రకటించారు. రోజూ అవసరమయ్యే చిన్న వాక్యాన్ని రెండే స్థాయిల్లో, ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు, చికిత్సకుడు రాగంలా పలుకుతాడు. ఒక్కో అక్షరానికి ఒక్కోసారి రోగి ఎడమ చేతితో బల్ల మీద తట్టిస్తాడు. మొదట ఇద్దరూ కలిసి పాడతారు, తర్వాత చికిత్సకుడు మధ్యలో ఆపేస్తాడు, రోగి పూర్తి చేస్తాడు. ఆపైన రాగం తగ్గించి, చివరకు మామూలు మాటలోకి దింపుతారు. అర్థం చేసుకునే శక్తి బాగా ఉండి, పలకడమే కష్టమైనవారికి ఉద్దేశించిన పద్ధతి ఇది. 2009లో గాట్‌ఫ్రీడ్ ష్లౌగ్ బృందం ఈ చికిత్స ఎక్కువకాలం పొందిన ఆరుగురి మెదళ్ళను స్కాన్ చేసి, కుడి సగంలో వినికిడి ప్రాంతాలనూ పలికించే ప్రాంతాలనూ కలిపే తంతువుల కట్ట పెరిగిందని చూపింది. కుడి మెదడు కథకు బలం వచ్చింది ఇక్కడి నుంచే. ఆరుగురంటే చాలా చిన్న గుంపు, వారితో పోల్చడానికి చికిత్స అందని మరో గుంపూ లేదు. ఆ జాగ్రత్త వార్తల్లో నిలవలేదు.

తర్వాత వచ్చిన అధ్యయనాలు ఈ చిత్రాన్ని మార్చాయి. 2011లో లైప్‌జిగ్‌లో బెంజమిన్ స్టాల్, ఆయన సహచరులు 17 మంది రోగుల చేత ఒకే రకమైన పాఠాన్ని మూడు విధాలుగా పలికించారు: పాడుతూ, తాళానికి తగ్గట్టు మాట్లాడుతూ, మామూలుగా మాట్లాడుతూ. పాడటం వల్ల తాళంతో పలకడానికి మించిన లాభమేమీ కనిపించలేదు. తాళం సాయపడింది. నోటికి బాగా తెలిసిన పదబంధాలు కావడం ఇంకా ఎక్కువ సాయపడింది. రాగం ఘనత అనుకున్నదాంట్లో చాలా భాగం లయకూ, అలవాటుకూ చెందుతుందన్నమాట. నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ మ్యూలెన్ బృందం ఈ రాగచికిత్సను లాటరీ పద్ధతిలో రోగులను విడదీసి రెండుసార్లు పరీక్షించింది. స్ట్రోక్ వచ్చి కొన్ని నెలలే అయిన 27 మందిలో మంచి ఫలితం వచ్చింది. ఏడాది దాటిన 17 మందిలో మాత్రం అభ్యాసం చేసిన వాక్యాలే మెరుగుపడ్డాయి. ఆ మెరుగు కొత్త వాక్యాలకు పాకలేదు, ఎక్కువకాలం నిలవలేదు. ఫిన్లాండ్‌లో బృందగానం చేసిన రోగుల మెదళ్ళను 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనం పరిశీలిస్తే, తంతువుల్లో మార్పు ముఖ్యంగా దెబ్బతిన్న ఎడమ వైపున కనిపించింది. కుడి మెదడు ఏమీ చేయదని దీని అర్థం కాదు. ఎడమ భాగం ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి దారి మారుతుందని చాలామంది శాస్త్రజ్ఞులు ఇప్పుడు భావిస్తున్నారు. పాడితే చాలు, కుడి మెదడు మేలుకొని మాట్లాడిస్తుందన్న హామీ మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. అలా నమ్మించి, ఆరు నెలల తర్వాత కుటుంబాన్ని నిరాశలో వదిలేయడం చిన్న తప్పు కాదు.

అలాంటప్పుడు పాటలో ఇంకేముంది? 2006లో కెనడాలో రసెట్, బార్డ్, పెరెట్జ్ చేసిన పరిశోధన నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఎనిమిది మంది రోగులు ఒంటరిగా పాడినప్పుడు, మాట్లాడినప్పటికంటే ఎక్కువ పదాలు స్పష్టంగా పలకలేదు. మరో గొంతుతో కలిసి పాడినప్పుడు మాత్రం, కలిసి మాట్లాడినప్పటికంటే ఎక్కువ పదాలు పలికారు. పాట ఒక్కటే సరిపోలేదు, తోడు గొంతు కావలసి వచ్చింది. మాట్లాడేటప్పుడు ఒకరి తర్వాత ఒకరం వంతు తీసుకుంటాం. ఆ వంతు వచ్చినప్పుడు అందరి కళ్ళూ తన మీదే ఉంటాయి, పదం వెతుక్కునే లోపు సంభాషణ ముందుకు వెళ్ళిపోతుంది. బృందగానంలో ఆ భయం లేదు. ఒక పదం జారినా పక్కవారి గొంతు దాన్ని మోస్తుంది, తర్వాతి పదం దగ్గర మళ్ళీ కలవవచ్చు. 2023లో ప్రచురితమైన ఫిన్లాండ్ ప్రయోగంలో, దీర్ఘకాలంగా అఫేజియా ఉన్న 54 మందిని తీసుకుని నాలుగు నెలల పాటు బృందగానం, గుంపులో రాగచికిత్స, ఇంటి దగ్గర టాబ్లెట్‌తో సాధన చేయించారు. సంభాషణ శక్తి పెరిగింది, నలుగురిలో కలవడం పెరిగింది, వారిని చూసుకునే కుటుంబసభ్యుల మీద భారం తగ్గింది. ఈ చివరి సంగతిని కొందరు పక్కఫలితంగా లెక్కేస్తారు. నా దృష్టిలో అది అసలు ఫలితాల్లో ఒకటి. భార్యో కూతురో అలసిపోయి మాట్లాడించడం మానేసిన రోజున రోగికి దొరికే సాధన అంతా ఆగిపోతుంది.

మనసు సంగతి కూడా భాషకు బయటిది కాదు. స్ట్రోక్ వచ్చినవారిలో సుమారు మూడోవంతు మంది కుంగుబాటుకు లోనవుతారు, మాట పోయినవారిలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. వారి బాధను పసిగట్టడమూ కష్టమే, ఎందుకంటే కుంగుబాటును కనిపెట్టే ప్రశ్నలన్నీ మాటలతోనే అడుగుతారు. 2008లో హెల్సింకీలో తెప్పో సర్కమో బృందం స్ట్రోక్ వచ్చిన 60 మందిని మూడు గుంపులుగా విడదీసింది. ఒక గుంపు రోజూ తమకు నచ్చిన సంగీతం, మరో గుంపు చదివి వినిపించే పుస్తకాలు విన్నాయి. మూడో గుంపుకు మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. రెండు నెలల తర్వాత, సంగీతం విన్నవారిలో మాటలను గుర్తుంచుకునే శక్తి, ఏకాగ్రత ఎక్కువ మెరుగయ్యాయి, దిగులు తక్కువగా ఉంది. వీరందరూ అఫేజియా రోగులు కారు కాబట్టి దీన్ని భాషకు నేరుగా అన్వయించలేం. కానీ భాషాచికిత్సకు ఏకాగ్రత, జ్ఞాపకం, లేచి కూర్చోవాలన్న ఇచ్ఛ పునాదులు. వాటిని బలపరిచేది భాషకు దూరమైనది కాదు.

ఇంతవరకూ పాట గురించే చెప్పాను, దాని మీదే ఎక్కువ పరిశోధన జరిగింది కాబట్టి. పాత పాటను పాడటం ఒకటి, కొత్తదాన్ని సృష్టించడం మరొకటి. రష్యన్ స్వరకర్త విస్సారియోన్ షెబాలిన్‌కు 1953లో ఒకసారి, 1959లో మరోసారి స్ట్రోక్ వచ్చింది. రెండోదాని తర్వాత ఆయన మాటను పలకడం, అర్థం చేసుకోవడం రెండూ తీవ్రంగా దెబ్బతిన్నాయి. అయినా 1963లో చనిపోయేదాకా సంగీతం రాస్తూనే ఉన్నాడు. అయిదో సింఫనీని 1962లో పూర్తి చేశాడు. అలెగ్జాండర్ లూరియా, ఆయన సహచరులు 1965లో ఈ కేసును వైద్యపత్రికలో నమోదు చేశారు. స్వీడిష్ కవి తోమాస్ ట్రాన్‌స్ట్రోమర్ 1974 నాటి తన దీర్ఘకవితలో, మాట పోయినా స్వరాలు కూర్చడం మానని ఒక సంగీతకారుణ్ణి చిత్రించాడు. ఆ చిత్రణకు మూలం షెబాలినే అని విమర్శకులు గుర్తించారు. 1990లో ట్రాన్‌స్ట్రోమర్‌కే స్ట్రోక్ వచ్చి, కుడిపక్క చచ్చుబడి, మాట దాదాపు పోయింది. ఆయన ఎడమ చేత్తో పియానో వాయించాడు, ఆయన కోసమే కొందరు స్వరకర్తలు ఎడమ చేతికి రచనలు చేశారు. 1996లోనూ 2004లోనూ ఆయన కవితా సంపుటాలు వచ్చాయి. 2011లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం ఎదురవుతుంది. వీళ్ళు జీవితమంతా కళలో మునిగిన అసాధారణులు, వారిని చూపించి, ఇంటి వసారాలో మంచం పట్టిన రైతుకో టీచరమ్మకో ఆశ పెట్టవచ్చా? పైగా వ్యతిరేక ఉదాహరణా ఉంది. ఫ్రెంచ్ స్వరకర్త మోరిస్ రావెల్ 1930లలో భాషను క్రమంగా కోల్పోయినప్పుడు, సంగీతాన్ని విని ఆనందించగలిగినా, మనసులో మెదిలే కొత్త స్వరాలను కాగితం మీదికి తేలేకపోయాడు. ఆయనది స్ట్రోక్ కాదు, నెమ్మదిగా పెరిగిన మెదడు జబ్బు. అయినా ఈ ఉదాహరణ ఒక హెచ్చరిక. కళాశక్తి భాషకు ఎప్పుడూ అతీతంగా ఉండదు. కొందరిలో రెండూ కలిసే పోతాయి. నేను ఈ అభ్యంతరాన్ని సగం ఒప్పుకుంటాను. షెబాలిన్ నుంచి మనం తీసుకోవలసింది అలాంటి ప్రతిభ అందరికీ వస్తుందన్న ఆశ కాదు. భాష కూలినా ఆలోచన, రుచి, ఎంపిక, పూర్తి చేయాలన్న పట్టు నిలవగలవన్న రుజువు మాత్రమే తీసుకోవాలి. ఆ మేరకు అది రైతుకూ వర్తిస్తుంది.

కళ అంటే గొప్ప కృతి అనుకోవడం మానేస్తే దారి సులువవుతుంది. అమెరికన్ నాటక దర్శకుడు జోసెఫ్ చైకిన్‌కు 1984లో గుండె శస్త్రచికిత్స సమయంలో స్ట్రోక్ వచ్చి అఫేజియా మిగిలింది. ఆ తర్వాత ఆయన తన తడబాటునే నటనకు పదార్థం చేసుకున్నాడు. శామ్ షెపర్డ్‌తోనూ, జాన్ క్లాడ్ వాన్ ఇటలీతోనూ కలిసి తయారుచేసిన రచనల్లో చిన్న చిన్న వాక్యాలతో, ఆగి ఆగి పలికే మాటతోనే రంగం మీద నిలబడ్డాడు. వేదిక మీద మౌనానికి చోటుంది, చూపుకూ సైగకూ విలువుంది. బొమ్మలదీ అదే దారి. పదం దొరకనప్పుడు బొమ్మ గీసి చెప్పడాన్ని 1980ల నుంచే కొందరు స్పీచ్ థెరపిస్టులు పద్ధతిగా నేర్పుతున్నారు. ఎడమ చేత్తో వంకరగా గీసినా సరే, పొలం, బావి, విరిగిన గట్టు కనిపిస్తే చాలు. కొడుకు ‘బావి పూడిపోయిందనా?’ అని అడుగుతాడు, తండ్రి తల ఊపుతాడు, ఒక సంభాషణ మొదలవుతుంది. ఇక్కడ బొమ్మ మాటకు బదులు కాదు, మాటకు దారి. టొరంటోలో ఆరా కాగన్ బృందం 2001లో చూపించింది కూడా దీనికి దగ్గరదే. ఎదుటివారికి సాయం చేసే పద్ధతులు నేర్పితే, వారితో మాట్లాడే అఫేజియా రోగుల సంభాషణ కూడా మెరుగవుతుంది. లోపాన్ని ఒక్క రోగిలోనే వెతకడం సగం చికిత్స.

‘ఇవన్నీ కాలక్షేపం, ఈ సమయంలో స్పీచ్ థెరపీ చేయిస్తే పోదా?’ అన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. స్పీచ్ థెరపీ పనిచేస్తుందనడానికి సాక్ష్యం ఉంది. 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 57 ప్రయోగాలను, 3,002 మంది రోగులను పరిశీలించి అదే తేల్చింది. కళల వైపు ప్రయోగాలు తక్కువ, చిన్నవి. ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగికి తెలియకుండా దాచడం వీటిలో అసాధ్యం. బొమ్మలు, నాటకం, కవిత్వం విషయంలో సాక్ష్యం ఇంకా పలచన. కాబట్టి థెరపీ మాని భజనకు పంపమని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. కానీ ఈ పోటీ లెక్కే సరైనది కాదు. థెరపీ వారానికి కొన్ని గంటలు ఉంటుంది, అదీ దొరికినవారికి. మిగతా మెలకువ గంటలన్నీ చాలా ఇళ్ళల్లో టీవీ ముందు మౌనంగా గడుస్తాయి. కళ అడిగేది ఆ గంటలను. ఎన్ని బొమ్మల పేర్లు చెప్పగలిగాడన్న పరీక్ష ఒక్కదానితో ఫలితాన్ని కొలిస్తే, రోగి మళ్ళీ పెళ్ళికి వెళ్ళడం, మనవడితో ఒక ఆట ఆడటం లెక్కలోకి రావు. వాటిని కొలిచే ప్రశ్నావళులు ఉన్నాయి, వాడాలి.

తెలుగు విషయంలో చేయవలసిన పని ఇంకొకటి ఉంది. బోస్టన్ పద్ధతి ఇంగ్లిషు మాట తీరు మీద కట్టింది. ఆ భాషలో ఊనిక ఉన్న అక్షరం హెచ్చు స్వరం అందుకుంటుంది. తెలుగులో అర్థాన్ని మార్చేది ఊనిక కాదు, అచ్చు నిడివి. ‘పడు’ను సాగదీస్తే ‘పాడు’ అవుతుంది. ఇంగ్లిషు నమూనాను అలాగే దించితే పదాలే మారిపోతాయి. మన ఛందస్సు గురువునూ లఘువునూ కాలంతోనే కొలుస్తుంది. ‘మంచినీళ్ళు కావాలి’ అన్న వాక్యాన్ని గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర చొప్పున తట్టిస్తే, తాళం మాట సహజ నిడివికి సరిపోతుంది. లయే ఎక్కువ పని చేస్తోందన్న లైప్‌జిగ్ ఫలితంతో ఇది కుదురుతుంది కాబట్టి, దీన్ని తెలుగు క్లినిక్కుల్లో సరైన ప్రయోగంగా పరీక్షించాలని నా సూచన. బుర్రకథలో ప్రధాన కథకుడి వెనక వంతపాట ఉంటుంది. ఒకరు నడిపిస్తే మిగతావారు చిన్న పల్లవిని అందుకునే ఈ అమరిక, కెనడా పరిశోధకులు తోడు గొంతులో చూసిన సాయానికి చాలా దగ్గరది. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగుల మీద సువర్ణ అల్లాడి బృందం చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం మందికి స్ట్రోక్ తర్వాత మేధాశక్తి మామూలుగా ఉంటే, ఒకే భాష వచ్చినవారిలో అది 19.6 శాతమే. అఫేజియా వచ్చే రేటులో మాత్రం తేడా లేదు. మన ఊళ్ళల్లో ఒకే మనిషికి ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, పాటల్లో హిందీ ఉండవచ్చు. ఏ భాష పాట ముందు నోటికొస్తుందో తెలుగులో మాత్రమే పరీక్షించేవారికి తెలియదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పెద్దమనిషి చేత పిల్లల పాటలు పాడించడం, రంగు పెన్సిళ్ళిచ్చి చిన్నపిల్లాడిలా మెచ్చుకోవడం అవమానం. ఏ పాట, ఏ రంగు, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయం ఆ మనిషిదే. ఇంతకు ముందు పాడనివారిని బలవంతంగా పాడించకూడదు, వారికి కొబ్బరాకు అల్లికో ముగ్గో తోటపనో తగినది కావచ్చు. అర్థం చేసుకునే శక్తి పోయినవారికి మాటలతో వివరించడం కంటే చేసి చూపించడం మేలు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున ఇచ్చే కాగితంలో రక్తపోటు మాత్రలు, ఫిజియోథెరపీ తేదీలు ఉంటాయి. ఆ కాగితంలోనే, ఈ మనిషి స్ట్రోక్‌కు ముందు ఏం పాడేవారు, చేత్తో ఏం చేసేవారు, ఎవరితో కలిసి చేసేవారు అన్న మూడు ప్రశ్నలకు కుటుంబం చేత జవాబులు రాయించాలి. స్పీచ్ థెరపిస్టు మొదటి వారం పాఠాన్ని వాటిలో నుంచే ఎంచుకోవాలి.